ఎత్తుకోవడం చూశారా

నా నోటికి మా ఊళ్ళో పేరుంది. కాలవ నీళ్ళ వంతు దగ్గర పక్క చేను వాళ్ళతో, రేషన్ షాపు దగ్గర డీలర్‌తో, ఇంట్లో మా ఆయనతో సరేసరి, ఎక్కడైనా నా మాటే పైన ఉండాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. అలాంటి నోరు ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, అడిగినదానికి అడిగినంత మాత్రమే చెప్పి ఊరుకుంది. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. దాని గురించే రాస్తున్నాను.

మాకు రెండున్నర ఎకరాల మిరప, కొంచెం పత్తి. చేను పక్కనే డొంక, ఆ డొంకకు అవతల ఇంకొకరి జొన్న, ఆ తర్వాత మొక్కజొన్న. దూరంగా మార్టూరు వైపు పోయే రాతి లారీల మోత పగలంతా వినబడుతుంది. కోతకు వచ్చే ఆడవాళ్ళంతా మా ఊరి చివర చర్చి వీధి వాళ్ళే. వాళ్ళలో ఒకమ్మాయి నాలుగేళ్ళుగా మా చేలోనే కోసేది. నోట్లో నాలుక లేని మనిషి. భర్త గ్రానైటు పాలిషింగు యూనిట్లో పని చేసేవాడు, సాయంత్రం ఒళ్ళంతా తెల్లటి రాతి పొడితో సైకిలు మీద వచ్చేవాడు. ఒక్కతే కూతురు, అప్పటికి మూడేళ్ళు. ఆ పిల్ల నన్ను చూస్తే చాలు, నా కొంగు ముడిలో ఉండే బెల్లం ముక్క కోసం చెయ్యి చాపేది. అందరూ నాకు భయపడే ఊళ్ళో భయపడనిది అదొక్కతే.

మిరప కోత తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కాయను తొడిమతో సహా గోటితో గిల్లి కోస్తారు. పొద్దున ఎక్కిన సాలు సాయంత్రం దిగేదాకా ఆ గిల్లుడే. రెండో రోజుకు వేళ్ళ కొసలు మండుతాయి. వారం తిరిగేసరికి అరచేతులు మొత్తం మంట. సబ్బుకు పోదు, వేణ్ణీళ్ళు తగిలితే ఇంకా లేస్తుంది. ఆముదం రాసుకుంటారు, మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటారు, అన్నం స్పూనుతో తింటారు. అన్నిటికన్నా ముఖ్యం, పసిపిల్లల్ని తాకరు. మా పెళ్ళైన కొత్తలో మా చేను మేమే కోసుకునేవాళ్ళం. అప్పుడు మా పెద్దాడికి ఏడాదిన్నర. ముక్కు కారుతోందని చేత్తో తుడిచాను. వాడి మొహం ఎర్రగా వాచిపోయి, కళ్ళు తెరవలేక రెండు రోజులు గుక్కపట్టి ఏడ్చాడు. మా అత్తగారు అప్పుడు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ తర్వాత నేనూ అందరు తల్లుల్లాగే నేర్చుకున్నాను. పిల్ల దగ్గరికి వస్తే అరచేతులు వెనక్కి తిప్పి, మోచేత్తో పక్కకు జరపడమే. కోతల కాలంలో మా వైపు ఏ చేలోనైనా ఇది కనబడుతుంది.

ఆ అమ్మాయి కూడా అంతే. కోతలున్నన్నాళ్ళూ పిల్లకు తండ్రే తల్లి. నీళ్ళు పోసేదీ, అన్నం పెట్టేదీ, జడ వేసేదీ అతనే. పగలు మాత్రం గట్టు మీద వేపచెట్టు కింద ఒక ముసలమ్మ నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునేది.

అది రెండో కోత, మార్చి నెల. ఆ మంగళవారం ముసలమ్మకు జ్వరమొచ్చి రాలేదు. మిగతా తల్లులు పిల్లల్ని ఇళ్ళ దగ్గర వదిలి వచ్చారు. ఈ పిల్లను వదలడానికి వాళ్ళింట్లో ఇంకెవరూ లేరు. తండ్రి పనికి పోతూ చెట్టు కింద దింపి, చేతికి ఒక బన్ను ఇచ్చి వెళ్ళాడు. పదకొండు గంటలప్పుడు పిల్ల సాళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ తల్లి దగ్గరికి వచ్చి, ఎత్తుకోమని చేతులు చాపింది. తల్లి మోచేత్తో జరిపింది.

"పో అమ్మా, చెట్టు కిందికి పో. కోతలైనాక వాడరేవు పోదాం. సముద్రంలో ఎత్తుకుంటాగా," అంది.

పిల్ల మళ్ళీ వచ్చింది. మళ్ళీ మోచెయ్యి. ఈసారి కొంచెం గట్టిగా పొమ్మంది. పక్క సాల్లో ఉన్నాను నేను. చూశాను. చూసి, ఇందులో చూడటానికేముందని నా పని నేను చేసుకున్నాను. అన్నాలకు గట్టెక్కేసరికి చెట్టు కింద సగం తిన్న బన్ను ఉంది. పిల్ల లేదు.

చేనంతా వెతికాం. బావిలోకి మనుషులు దిగారు. కాలవ వెంట రెండు మైళ్ళు పోయారు. యూనిట్ నుంచి తండ్రి వచ్చాడు, రాతి పొడి కూడా దులుపుకోకుండా. మేం ఆడవాళ్ళం జొన్న చేను చుట్టూ, మొక్కజొన్న గట్టు వెంట పిలుచుకుంటూ తిరిగాం. మొక్కజొన్న నిలువెత్తు దాటి ఉంది. గట్టు మీదనుంచి పిలిచాం గానీ లోపలికి దూరలేదు. నిద్రపోయిన పిల్ల పలకదన్న సంగతి, ఇద్దరు పిల్లల్ని కన్న నాకు తట్టలేదు. పొద్దువాటారేటప్పటికి మా ఆయన ఆ మొగుడూపెళ్ళాల్ని బండి మీద ఎక్కించుకుని స్టేషనుకు తీసుకెళ్ళి కాగితం ఇప్పించాడు.

మర్నాడు పొద్దున ఎస్సై జీపులో వచ్చాడు, కుక్కతో సహా. కుర్రవాడు, ఇస్త్రీ చెరగని బట్టలు, మిరప నేల మనిషి కాదు. కుక్కకు పిల్ల గౌను వాసన చూపించి చేలోకి వదిలారు. పండిన మిరప చేలో కుక్కకు ఏం వాసన తెలుస్తుంది? నాలుగు సాళ్ళు దాటేసరికి తుమ్మడం మొదలుపెట్టింది. తుమ్మీ తుమ్మీ, తిరిగొచ్చి తల్లి కాళ్ళ దగ్గర ఒక చుట్టు తిరిగి, జీపు నీడలో పడుకుంది. మా కూలీ ఆడవాళ్ళలో ఒకామె ముసుగు చాటున నవ్వింది కూడా. ఎస్సై నవ్వలేదు. కుక్క పొలం దాటలేదు కాబట్టి పిల్ల కూడా పొలం దాటలేదన్నాడు. కుక్క తల్లి దగ్గర ఆగింది కాబట్టి సంగతి తల్లి దగ్గరే ఉందన్నాడు. ఇంకెవరూ చేలల్లో పడి తొక్కవద్దు, ఆనవాళ్ళు చెరిగిపోతాయని ఊరి మీద ఆంక్ష పెట్టాడు. వెతకడం అక్కడితో ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎస్సై, రాయడానికి ఒక కానిస్టేబులూ మా ఇంటికి వచ్చారు. వరండాలో కుర్చీలు వేశాను. కాఫీ కలిపి, చుట్టాలొస్తే తీసే గ్లాసుల్లో పోసిచ్చాను. మా ఆయన లోపలికి వచ్చి, "అడిగినదానికి చెప్పు, అంతే. నీ పురాణం విప్పబాకు," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన మాట విన్నాను.

"ఆ అమ్మాయి పిల్లను ఎత్తుకోవడం ఈ మధ్య ఎప్పుడైనా చూశారా అమ్మగారూ?" అన్నాడు ఎస్సై.

"ఈ మధ్య చూళ్ళేదండి."

"ముద్దు చేయడం, అన్నం తినిపించడం?"

"తినిపించేది తండ్రేనండి."

"ఆ రోజు పిల్ల దగ్గరికి వస్తే ఏం చేసింది?"

"మోచేత్తో జరిపిందండి."

"జరిపిందా, నెట్టిందా?"

"రెండోసారి కొంచెం నెట్టిందండి. పొమ్మంది."

అన్నీ నిజాలే. ఎందుకని అతను అడగలేదు. ఎందుకో నేను చెప్పలేదు. దాచాలని కాదు. మంచినీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా? కోతల్లో తల్లి పిల్లను తాకదన్నది కూడా నాకు అలాంటిదే. రాస్తున్న కానిస్టేబులు మా పక్క ఊరివాడు, వాళ్ళమ్మ కూడా కోతలకు పోయే ఉంటుంది. అతని పెన్ను ఒకసారి ఆగింది. తలెత్తి నా వంక చూశాడు. నేనేమైనా అంటానేమోనని చూశాడని ఇప్పుడనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను లోపలికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉంది. పదో తరగతి చదివినదాన్ని, పేపరు పొద్దున్నే మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివేదాన్ని, ఆ కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టాను.

సాయంత్రం ఇద్దర్నీ స్టేషనుకు తీసుకుపోయారు. సెల్ ఫోన్లు లాక్కున్నారు. గురువారం చర్చి పాస్టరుగారు పోయి, ఒక రోజు దాటాక ఉంచుకోకూడదు కదా సార్ అని అడిగితే, ఎస్సై నవ్వి, "అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. మీరెళ్ళి ప్రార్థన చేసుకోండి," అన్నాడట. రికార్డులో వాళ్ళు స్టేషనులో లేనే లేరు. తండ్రిని అరికాళ్ళ మీద కొట్టారు. తల్లిని ముందు కూర్చోబెట్టి కొట్టారు. ఆడపిల్లని వదిలించుకున్నారా, ఎక్కడ పూడ్చారని అడిగారు. ఈలోగా ఎవడో వాళ్ళిద్దరూ జీపెక్కుతున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టాడు. కన్నతల్లే కడతేర్చిందని కింద రాశాడు. సాయంత్రానికి ఆ ఫోటో మా చుట్టాల గ్రూపులోకి కూడా వచ్చింది. ఊళ్ళో అందరికీ ధైర్యం వచ్చింది. పిల్ల ఎక్కడుందో వాళ్ళకే తెలుసు, మనం వెతికేదేముందని.

నేనేం చేశాను? కాయ రాలిపోతోందని ఎస్సై దగ్గర అనుమతి తీసుకుని, పొరుగూరి నుంచి వేరే కూలీలను పిలిపించి, గురువారం చేను కోయించాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలోనే ఉన్నాను. మొక్కజొన్న అక్కడికి ఒక్క చేను అవతల.

శుక్రవారం పొద్దున తండ్రిని తీసుకొచ్చారు. మడమలు నేల మీద ఆనక, పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. అతను ఒప్పుకున్నాడన్నారు. ఎక్కడ పూడ్చావురా చూపించు అన్నారు. అతను మా చేను మొత్తం ఒకసారి చూశాడు. అప్పుడు నేను చెట్టు దగ్గర నిలబడి ఉన్నాను. అతని చూపు నా మీద కూడా పడింది, పడి దాటిపోయింది. ఎక్కడో ఒకచోట చూపించాలి కాబట్టి చెయ్యెత్తి నడిమి సాళ్ళ వైపు చూపించాడు. పలుగులు, పారలు దిగాయి. కాపుతో ఉన్న మొక్కలు పక్కకు పడ్డాయి. నడుంలోతు తవ్వారు. ఏమీ లేదు.

"ఏరా, ఆటలాడుతున్నావా?" అని ఎస్సై చెయ్యెత్తాడు.

"ఇక్కడ కాదేమో సార్," అన్నాడు అతను. "ఇంకో చోట చూపిస్తా. ఆమెను మటుకు కొట్టబాకండి."

ఇంకోచోట తవ్వడం మొదలుపెట్టారు. అప్పుడే డొంకలోంచి గొర్రెల కాపరి ఒకతను కేక పెట్టుకుంటూ వచ్చాడు. తప్పిపోయిన గొర్రె కోసం మొక్కజొన్నలోకి దూరాడట. లోపల రెండు సాళ్ళ మధ్య పిల్ల ఉంది. పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది.

ఒంటి మీద దెబ్బ లేదు. గీరుకుపోయిన గీతలు తప్ప ఏమీ లేవు. దోవ తప్పింది, బయటికి రావడం తెలియలేదు, అంతే. ఎవరూ ఏమీ చేయలేదనీ, ఎండకూ దాహానికీ పోయిందనీ ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. ఎప్పుడని అడిగే ధైర్యం నాకు లేదు. తండ్రి అడిగాడు.

"నిన్న సాయంత్రం అయి ఉండొచ్చు," అంది డాక్టరు.

అతను తల ఊపాడు. నేను లోపల లెక్కపెట్టుకున్నాను. మంగళ, బుధ, గురు. మూడు రోజులు అది బతికే ఉంది. మేం అందరం ఎక్కడికీ పోకుండా అక్కడే ఉన్నాం.

ఆ సాయంత్రమే తల్లిని వదిలిపెట్టారు. తమను ఎవరూ కొట్టలేదనీ, ఇష్టపూర్వకంగానే వచ్చి వెళ్ళామనీ రాసి ఉన్న కాగితం మీద ఇద్దరిచేతా సంతకాలు చేయించుకున్నారు. అయ్యో అన్న మాట కూడా స్టేషనులో ఒక్కరి నోటినుంచీ రాలేదు. శనివారం చర్చి వెనక సమాధి చేశారు.

పదిహేను రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. గేటు అవతలే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నేను పిల్లని ఎత్తుకోనని మీరు రాసిచ్చారంటగదమ్మా," అంది. "ఎస్సై నాకు చదివి వినిపించాడు. 'తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదు' అని ఉంది దాంట్లో. కింద మీ సంతకం చూపించాడు."

"ఆ మాట నేననలేదే. ఎత్తుకోవడం చూశారా అంటే, చూళ్ళేదన్నాను. అడిగినదానికి చెప్పాను."

"అబద్ధం ఏం చెప్పలా మీరు," అంది. గొంతు కూడా పెంచలేదు. "ఎందుకు ఎత్తుకోనో మీకు తెలుసుగదమ్మా. ఆ ఒక్క ముక్కా అన్నట్టయితే, వాళ్ళు బయట వెతికేవాళ్ళేమో."

ఊరందరి నోళ్ళూ మూయించిన నా నోటికి ఒక్క మాట దొరకలేదు. ఆమె గేటు దగ్గర్నుంచే తిరిగి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. కోపంగా చూసినా నేను తట్టుకునేదాన్ని.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికి పోయి, నేను తప్పు కాగితం మీద సంతకం పెట్టాను, దాన్ని మార్చాలి, ఎక్కడికి పోవాలో చెప్పండి అన్నాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే," అన్నాడు మా ఆయన. కాలినవి నా చేతులు కాదుగా అన్నాను. అర్జీలు రాశాం. తిరిగాం. రేపు రమ్మన్నారు, సార్ లేరన్నారు, మీకేం సంబంధమన్నారు. ఈలోగా ఎస్సైకి బదిలీ అయింది. ఏడాది దాటాక విచారణకని ఒక పెద్ద అధికారి వచ్చి, పంచాయతీ ఆఫీసులో నన్ను పిలిపించాడు. నెరిసిన మనిషి, నెమ్మదిగానే మాట్లాడాడు. కోత గురించి మొదటినుంచీ చెప్పాను. వేళ్ళ కొసలు, ఆముదం, మజ్జిగ, స్పూను, మా పెద్దాడి కళ్ళు, అన్నీ.

"ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"ఎవరూ అడగలేదండి," అన్నాను. అన్నాక నాకే అసహ్యం వేసింది. "అడక్కపోయినా చెప్పాల్సింది. చెప్పలేదు. అదీ రాసుకోండి."

రాసుకున్నాడు. తర్వాత, పాత కాగితంలోని ప్రశ్నలు వరసగా మళ్ళీ అడగాలి కాబట్టి, అదే ప్రశ్న అడిగాడు. "తల్లి పిల్లను ఎత్తుకోవడం మీరు చూశారా?"

"చూశానండి," అన్నాను. "ఒక్కసారి చూశాను."

ఆయన తలెత్తాడు. శనివారం సంగతి చెప్పాను. పిల్లను తెల్లగుడ్డలో చుట్టి, మొహం మాత్రం కనబడేలా చర్చి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఒకసారి ఎత్తుకోమ్మా అన్నారు పాస్టరుగారు. తల్లి వంగింది. అరచేతులు రెండూ బయటికి తిప్పేసి, మోచేతుల మీద, ముంజేతుల మీద పిల్లను ఎత్తుకుంది. వేళ్ళు ఎక్కడా తగలనివ్వలేదు. అలా సరిగ్గా పట్టు దొరకదు. పిల్ల జారుతోంది. ఆమె కోత మాని అప్పటికి నాలుగు రోజులు. నేను వెనకనుంచి దగ్గరికి పోయి, "మంట తగ్గి ఉంటుందిలే అమ్మాయ్, చేతులతో పట్టుకో," అన్నాను.

"వద్దమ్మా," అంది, నా వైపు తిరక్కుండానే. "దానికి మండుద్ది."

అధికారి పెన్ను పక్కన పెట్టాడు. ఆ తర్వాత కాగితాలు సర్ది, ఇక్కడ సంతకం పెట్టండమ్మా అని నా వైపు తిప్పాడు. ఈసారి మొదటి అక్షరం నుంచి చదివాను. కోత గురించి ఉంది, పాత సంతకం గురించి ఉంది. ఆఖరున చెప్పింది లేదు.

"ఇది లేదండి," అన్నాను.

"అది విచారణకు అవసరం లేదమ్మా."

"రాయండి."

ఆమె ఇప్పుడు పత్తి తీతకు పోతుంది గానీ మిరప చేలో అడుగు పెట్టదు. నేను ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకుంటుంది. ఎస్సైకి ఏం శిక్ష పడిందో, పడిందో లేదో నాకు ఇంతవరకూ తెలియదు. ఆ రోజు మాత్రం నేను కుర్చీలోంచి లేవలేదు. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరికి పెన్ను తీసి, తల్లి పిల్లను ఎత్తుకోవడం చూశానని, ఎలా ఎత్తుకుందో, ఏమందో, నేను చెబుతుంటే ఒక్కొక్క మాటా రాశాడు. అంతా రాసేదాకా నేను సంతకం పెట్టలేదు.